బార్ పొడుగు చూసి చైన్‌సా కొనకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

చెట్లు కోసే మిషన్ల మీద మొన్న మీ పేపర్లో వచ్చిన పేజీ రెండుసార్లు చదివాను, పదిహేనేళ్ళుగా చైన్‌సా పట్టుకునే బతుకుతున్నవాణ్ణి కాబట్టి. ఇలాంటి విషయానికి పేజీ ఇచ్చినందుకు చాలా సంతోషం. కానీ టేబుల్లో సీసీ ఎంత, బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి ఇనప పట్టీ) ఎన్ని అంగుళాలు అని ఆ రెండే పెట్టి, ఏది పెద్దదైతే అదే మేలు అన్నట్టు వదిలేశారు, అది చూసి పనికి కొత్తగా వచ్చిన కుర్రాడెవడైనా చిన్న మిషన్‌కి పొడుగాటి బార్ వేయించుకుంటే మిషనూ పోతుంది, ఒంటిమీదకీ వస్తుంది. అందుకే రాస్తున్నా.

ముందు సీసీ సంగతి. హస్క్‌వార్నా కంపెనీ మిషన్ 395 ఎక్స్‌పీ 93.6 సీసీ, పవర్ 4.9 కిలోవాట్లు, బార్, చైన్, పెట్రోల్ లేకుండా బరువు 7.9 కిలోలు. స్టిల్ కంపెనీ ఎంఎస్ 500ఐ 79.2 సీసీయే, కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంటుంది, పవర్ 5 కిలోవాట్లు, బరువు 6.2 కిలోలు. అంటే సీసీ చూసి కొన్నవాడు కిలోన్నర పైనే ఎక్కువ మోస్తాడు, పవర్ మాత్రం పిసరు తక్కువ. 395 చెడ్డదని కాదు, అది చాలా ఏళ్ళుగా నిలబడ్డ మిషన్. కాకపోతే పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోసేవాడికి కిలోకి ఎంత పవర్ వస్తుందన్నదే అసలు లెక్క. 50 సీసీ దగ్గర స్టిల్ ఎంఎస్ 261కీ హస్క్‌వార్నా 550 ఎక్స్‌పీ మార్క్ 2కీ పెద్ద తేడా లేదు, రెండూ 3 కిలోవాట్లే, దగ్గర్లో ఏది బాగా రిపేర్ చేస్తారో అది తీసుకోవచ్చు.

ఇక బార్. నేను పనిలోకి వచ్చిన కొత్తలో 50 సీసీ మిషన్‌కి 24 అంగుళాల బార్ వేయించుకున్నా. కొట్టు అతను "పడుతుంది అన్నా, ఏం కాదు" అన్నాడు. బిగించడానికి పట్టింది, నిజమే. కొమ్మలు కోసినంతసేపు బాగానే ఉంది, చైన్ అంతా కర్రలో మునగలేదు కదా. మధ్యాహ్నం ఒక గట్టి మాను మొదట్లో పెట్టేసరికి ఇంజన్ గొంతు పడిపోయింది, నేను పైనుంచి అదుముతున్నా, అదిమేకొద్దీ చైన్ ఆగిపోతోంది, క్లచ్ దగ్గర కాలిన వాసన. తీసి చూస్తే బార్ ముక్కు దగ్గర అంచు నీలంగా మారిపోయింది. రంపపు పొట్టు చూస్తే పలుకులు పలుకులుగా రావాల్సింది పిండిలా పడి ఉంది.

ఎందుకలా అయిందో తర్వాత ఒక పెద్దాయన లెక్క చెప్పాడు. మామూలు త్రీ బై ఎయిట్ పిచ్ (పిచ్ అంటే చైన్ రివెట్ల మధ్య సగటు ఎడం, అంగుళాల్లో) చైన్‌లో అంగుళంన్నరకి ఒక పన్ను ఉంటుంది. 16 అంగుళాల మానులో ఒకేసారి పది పదకొండు పళ్ళు కర్రని చెక్కుతుంటాయి, 24 అంగుళాల మానులో పదహారు. ఆ పదహారింటినీ లాగే సత్తువ ఇంజన్‌కి ఉండాలి. పైగా చిన్న మిషన్ ఆయిల్ పంపు అంత పొడుగు చైన్‌కి సరిపడా పోయలేదు, ముక్కు ఎండి కాగిపోతుంది, నా బార్ నీలం తిరిగింది అందుకే. ఆయిల్ వస్తోందో లేదో చూడాలంటే కోసిన మొద్దు తెల్లటి మొహానికి బెత్తెడు దూరంలో బార్ ముక్కు పట్టుకుని రేస్ ఇవ్వండి, సన్నటి నూనె గీత పడాలి, పడకపోతే పని ఆపేయండి.

నా అనుభవంలో 50 సీసీకి 16 అంగుళాలు హాయి, 18 చాలు. 70 సీసీకి 20, మెత్తటి కర్ర అయితే 24. 90 సీసీ దాటాకే 28, 36 మాట. కర్ర గట్టిదైతే ఒక సైజు కిందికి దిగండి. రోజూ కోసే మాను లావుకి రెండు అంగుళాలు ఎక్కువుంటే సరిపోతుంది, ఎప్పుడో ఏడాదికొకసారి తగిలే పెద్ద మాను కోసం రోజూ పొడుగు బార్ మోయక్కర్లేదు, చేయి తిరిగినవాడు అటూ ఇటూ రెండు వైపుల నుంచీ కోసి 20 అంగుళాల బార్‌తో మూడడుగుల మానుని కూడా పడేస్తాడు. అమెరికా పడమటి తీరంలో 32 అంగుళాలు వాడతారు కదా అనొచ్చు, అక్కడి మానులు అంత లావు, కర్ర మెత్తన, వాలు కొండ మీద వంగకుండా కొమ్మలు కొట్టుకోడానికీ అది పనికొస్తుంది. స్వీడన్, ఫిన్లాండ్ వాళ్ళు సన్నటి చెట్లకి 13, 15 అంగుళాలతోనే రోజంతా చేస్తారు. ఎవరి అడవి వాళ్ళది.

ప్రమాదం మాట మీ పేజీలో అసలు లేదు, నాకు బాధ అనిపించింది అక్కడే. బార్ ముక్కు పైభాగం, పావు వంతు, దేనికైనా తగిలితే మిషన్ ఒక్క ఊపున మన మొహం మీదకి లేస్తుంది, కిక్‌బ్యాక్ అంటారు. బార్ పొడుగైతే ముక్కు దుంగ అవతలికి పోతుంది, అక్కడ ఏముందో మనకి కనపడదు. మాతో పనిచేసే తమ్ముడు ఒకడు అలాగే దుంగ కోస్తుంటే అవతల పడున్న కొమ్మకి ముక్కు తగిలింది, మిషన్ లేచి వాడి హెల్మెట్ అంచు దాకా వచ్చింది, చైన్ బ్రేక్ పడింది కాబట్టి వాడు ఈ రోజు ఉన్నాడు. ఆ టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఇంకొకటి, బార్ మార్చేటప్పుడు పొడుగొక్కటే కలిస్తే చాలదు. పిచ్ స్ప్రాకెట్‌తో, అంటే చైన్‌ని తిప్పే పళ్ళ చక్రంతో కలవాలి, గేజ్, అంటే గాడిలో కూర్చునే లింకుల మందం, బార్ గాడితో కలవాలి, 1.3, 1.5, 1.6 మిల్లీమీటర్లు అని రకాలున్నాయి, 1.6 గాడిలో 1.3 చైన్ వేస్తే అటూ ఇటూ ఊగి వంకరగా కోస్తుంది. స్టిల్ బార్ తోక (మిషన్‌కి బిగించే చివర) హస్క్‌వార్నాకి సరిగ్గా కూర్చోదు. ఇవన్నీ చాలా బార్ల తోక మీదే కొట్టి ఉంటాయి, డ్రైవ్ లింకులు (గాడిలో జారే ఆ కింది లింకులు) ఎన్నో కూడా, 20 అంగుళాల త్రీ బై ఎయిట్‌కి మామూలుగా 72.

మళ్ళీ ఇలాంటి టేబుల్ వేసినప్పుడు దయచేసి ఇంకో మూడు గళ్ళు పెంచండి సార్, ఖాళీ మిషన్ బరువు, కిలోవాట్లు, కంపెనీ చెప్పిన బార్ సైజు ఎంత నుంచి ఎంత దాకా అని. నీలం తిరిగిన ఆ బార్ నా దగ్గరే ఉంది, ఫోటో కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు