చుక్కికి సెలైను ఎక్కించిన సిస్టర్ గారికి కృతజ్ఞతలు

మా పిల్లి చుక్కి ఈ రోజు తనంతట తాను లేచి వచ్చి కాస్త తిన్నది. నిద్ర లేక కళ్లు మండుతున్నా ఈ నాలుగు మాటలు ఇప్పుడే రాయాలనిపించింది.

చుక్కికి పన్నెండేళ్లు. మూత్రపిండాలు పాడయ్యాయి. రక్తంలో క్రియాటినిన్ (మూత్రపిండాలు బయటికి పంపాల్సిన వ్యర్థం) 5 దాటిందని, ఈ జబ్బుకున్న నాలుగు దశల్లో ఇది చివరిదని పశువైద్యుల దగ్గర చెప్పారు. నయమయ్యేది కాదు. ఎంత నీరు తాగినా ఒంట్లో నిలవదు కాబట్టి చర్మం కింద సెలైను ఎక్కిస్తూ ఉండాలి. “ఇంట్లోనే ఎక్కించుకోండి” అని చీటీ రాసిచ్చారు, ఎలాగో చూపించే తీరిక మాత్రం అక్కడ ఎవరికీ లేదు.

కోఠిలో మందుల దుకాణం ముందు నిలబడి ఆర్‌ఎల్ సెలైను సీసా, సూదులు అడిగితే “పిల్లికా?” అని ఎవరో నవ్వారు. నా వెనక నిలబడ్డ పెద్దావిడ నవ్వలేదు. “క్రియాటినిన్ ఎంతుందమ్మా?” అన్నారు. అంతే, నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నాళ్లలో నన్ను ఆ మాట అడిగిన మనిషి లేరు.

ఆమె డయాలసిస్ వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యారట. చీటీ మీదున్న నంబరుకు తానే ఫోను చేసి, ఎక్కడ గుచ్చాలో, ఎంత ఎక్కించాలో డాక్టరును అడిగి రాసుకున్నారు. నాతోపాటే ఆటో ఎక్కి మలక్‌పేట వచ్చారు. మోకాళ్ల నొప్పులతో మూడంతస్తులు ఎక్కారు. రాగానే నీళ్లు కాచమన్నారు. సీసాను ఆ నీళ్లలో ఉంచి, గోరువెచ్చగా అయ్యాక ఒక బొట్టు తన మణికట్టు మీద వేసుకుని చూశారు. చుక్కి భుజాల మధ్య వదులు చర్మాన్ని గుడారంలా పైకి లేపి సూది గుచ్చారు. వంద మిల్లీలీటర్లు వెళ్లేదాకా దాని చెవుల వెనక నిమురుతూనే ఉన్నారు. చర్మం కింద లేచిన ఉబ్బు చూసి నేను కంగారుపడితే, “కొన్ని గంటల్లో ఇంకిపోతుందని డాక్టరు చెప్పారు తల్లీ, భయపడకు” అన్నారు. మర్నాడు నేను పిలవకుండానే వచ్చి, ఈసారి సూది నా చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. డబ్బు తీసుకోలేదు. కుండీలోని కరివేపాకు రెండు రెమ్మలు అడిగి కోసుకున్నారు. పేరు రాయవద్దన్నారు.

ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. పిల్లి బాధను దాచుకుంటుంది. మనకు తెలిసేసరికి మూత్రపిండాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. వయసు మళ్లిన పిల్లికి ఏటా రక్త పరీక్ష చేయించమని, టీకాలు వేసే చోటనైనా చెప్పవద్దా? ఇంత నగరంలో అర్ధరాత్రి పిల్లికి ఆయాసం వస్తే ఎక్కడికి పరుగెత్తాలి? దానికి పెట్టాల్సిన ప్రత్యేక ఆహారం కోసం ఎన్ని దుకాణాలు తిరగాలి? పశువైద్యం అంటే గేదెలు, మరీ అయితే కుక్కలు, అంతేనా?

మా వారు, అమ్మాయి, అత్తయ్య వంతులవారీగా మేలుకున్నారు. వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

అయ్యో, కింది వాటా వాళ్లను మరిచాను. కరెంటు పోయిన రాత్రి ఛార్జింగ్ లైటు ఇచ్చి, తెల్లారేదాకా అడగలేదు. బుట్టలో పిల్లి ఉందన్నా మారు మాట్లాడకుండా ఎక్కించుకున్న ఆటో అన్నకు కూడా. ఆ దుకాణంలోనే, తర్వాత సరైన సూదులు వెతికి పక్కన తీసిపెట్టిన కుర్రాడికి కూడా. బాబూ, ఆ సూదులు ఇంకో పెట్టె కావాలి, సోమవారం వస్తాను.