లెంటు కూడికలకు తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామమున అందరికీ వందనాలు. ఈస్టరుకు ముందు ఉపవాస ప్రార్థనలతో గడిపే ఈ లెంటు దినాల్లో మా స్త్రీల సమాజమూ యౌవనస్థులూ కలిసి జరిపిన గృహ కూడికలకు పెట్టుకున్న అంశం: మనకు అనిపించేదాన్ని కాక, దేవుడు చెప్పినదాన్ని పట్టుకుని నడవడం. అంశం పెట్టుకోవడం తేలికే. పాట, ప్రసంగం, టీ దగ్గర ఆగిపోకుండా దాన్ని ఇంటికి పట్టుకెళ్లే పనిగా మార్చింది మీరు. పేర్లు వద్దన్నారు గనుక రాయడం లేదు. చేసిన సాయం మాత్రం వివరంగా రాస్తున్నాం, ఇంకో సంఘానికి పనికొస్తుంది.

ముందుగా నోటుపుస్తకం గీసిచ్చిన బైబిలు స్త్రీ అమ్మగారికి. పేజీకి మూడు గడులు: జరిగింది, అనిపించింది, వాక్యం చెప్పింది. రాత్రి పడుకోబోయే ముందు పది నిమిషాలు, గడికి మూడు వరసలు మించకూడదు. చూడ్డానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది గానీ ఎక్కువమంది తప్పేది మొదటి గడిలోనే. "దేవుడు నా ప్రార్థన వినలేదు" అని 'జరిగింది' కింద రాసేస్తారు. అది జరిగింది కాదు, అనిపించింది. జరిగింది "అప్పు ఇస్తానన్న మనిషి ఫోను ఎత్తలేదు" అన్నంత వరకే. దేవుడు వినలేదన్న మాటను రెండో గడిలోకి జరిపితే సగం పని అయినట్టే.

మూడో గడిలో తప్పు ఇంకో రకం. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో తీసుకున్న వాగ్దాన కార్డు (కొత్త ఏడాదికని ఒక్క వచనం రాసి ఇచ్చేది) తెచ్చి అతికించేస్తారు. ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29:11: నా ఉద్దేశాలు మీకు మేలు చేసేవే గానీ హాని చేసేవి కావు అని దేవుడు చెప్పిన మాట. పాస్టరు అయ్యగారు దాన్ని విప్పి చెప్పిన తీరుకు ప్రత్యేక కృతజ్ఞతలు. ఆ మాట బబులోను చెరలో ఉన్న యూదులకు యిర్మీయా ప్రవక్త రాసిన ఉత్తరంలోది. పై వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి అని అంతకు ముందే రాశాడు. వెనక 28వ అధ్యాయంలో అబద్ధ ప్రవక్త హనన్యా రెండేళ్లలో అంతా చక్కబడుతుందన్నాడు. వినడానికి బాగున్న మాట అదే, అబద్ధమూ అదే. కార్డు తప్పు కాదు. ఒక్క వచనాన్ని పట్టుకుని మన ఆత్రాన్ని దేవుని నోట పెట్టడం తప్పు. అందుకే మూడో గడిలో ఏ వచనం రాసినా దానికి పైన ఐదు, కింద ఐదు చదివాకే రాయాలన్న నియమం పెట్టారు.

అన్నిటికంటే ఎక్కువ చర్చ "సమాధానం", అంటే మనశ్శాంతి, అన్న మాట మీద సాగింది. "ప్రార్థించాను, మనసుకు సమాధానం లేదు, కాబట్టి దేవుని చిత్తం కాదు" అనడం మన సంఘాల్లో మామూలే. దీనికి తెచ్చే ఆధారం, క్రీస్తు సమాధానం మీ హృదయాల్లో ఏలనివ్వండి అనే కొలొస్సయులకు 3:15. ఆ వచనం చివరిదాకా చదివితే అక్కడున్నది ఒక్క శరీరంగా పిలవబడినవారు ఒకరితో ఒకరు ఎలా ఉండాలన్న సంగతి. నిర్ణయాలు కొలిచే త్రాసు కాదు. సంఘ పెద్ద ఒకరు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి చూపించారు. యోనా ప్రవక్త దేవుని మాట తప్పి తర్షీషుకు పారిపోతూ, తుఫానులో ఓడ అడుగున గాఢ నిద్రలో ఉన్నాడు. యేసు తండ్రి చిత్తానికి లోబడుతూ గెత్సేమనేలో, నా ప్రాణం మరణమగునంతగా దుఃఖంలో మునిగి ఉంది అన్నాడు. హాయిగా నిద్రపోయినవాడు అవిధేయుడు, నలిగిపోయినవాడు విధేయుడు. మనసు కుదుటపడటమే గుర్తు అనుకుంటే ఇద్దరినీ తప్పుగా లెక్కగడతాం.

అలాగని ఏడుపు మింగేయమని ఎవరూ చెప్పలేదు. అది మరో ప్రమాదం. "విశ్వాసులు బాధపడకూడదు" అని నవ్వు తగిలించుకున్నవారు తర్వాత దేవుని దగ్గర మాట్లాడటమే మానేస్తారు. దీనికి 13వ కీర్తన మందు. ఆరే వచనాలు, బిగ్గరగా చదివినా నిమిషం పట్టదు. 1, 2 వచనాలు మొర: "ఎంతకాలం" అన్న ప్రశ్న హెబ్రీలో నాలుగుసార్లు వస్తుంది. 3, 4 అడగడం. 5లో "నేనైతే" నీ కృపను నమ్ముకున్నాను అని మలుపు. ఆ మలుపుకు ముందు పరిస్థితి ఏమీ మారలేదు, శత్రువు పోయినట్టు ఎక్కడా లేదు. మొదటి రెండు వచనాలు దాటేసి నేరుగా "నేనైతే" దగ్గరికి గెంతేవాళ్లే ఎక్కువ. అలా చదివితే అది ఒట్టి ధైర్యవచనం అవుతుంది. కొన్ని రాత్రులు మలుపు రానే రాదు. వాటికోసం 88వ కీర్తన ఉంది. 18 వచనాలూ చీకట్లోనే ముగుస్తాయి, అయినా అది ప్రార్థనే.

పక్క వీధి కాన్వెంటు నుంచి వచ్చిన సిస్టరు గారికి కృతజ్ఞతలు. కథోలిక సిస్టరు మన కూడికలోనా అని కొందరు నొసలు చిట్లించారు, ఆమె మాట విన్నాక అడిగి రాసుకున్నారు. 16వ శతాబ్దపు కథోలిక గురువు ఇగ్నేషియస్ లొయోలా పెట్టిన నియమాలవి. మనసు క్రుంగినప్పుడు, అంతకు ముందు నిలకడగా ఉండి చేసుకున్న తీర్మానాన్ని మార్చకూడదు. గంట ప్రార్థనకు కూర్చున్నవారు అలా క్రుంగిన సమయంలో గంట నిండాక ఇంకొంచెం కూర్చోవాలి. ఉప్పొంగినప్పుడూ జాగ్రత్తే: ఆ ఊపులో తొందరపడి మొక్కుకోవద్దన్నాడు. ఉజ్జీవ కూటాల్లో చేతులెత్తి ఉద్యోగం మానేస్తామనేవారికి ఇది మరీ అవసరం. మొక్కుకుని చెల్లించకపోవడం కంటే మొక్కుకోకపోవడమే మేలని ప్రసంగి 5:5 ఎలాగూ చెబుతుంది.

ఒక సాయంత్రం ఇచ్చిన డాక్టరు గారిని మరవలేం. ఆయన మొదలుపెట్టింది 1 రాజులు 19తో. బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చాడు, తట్టి లేపి రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. 40 దినాల ప్రయాణం, హోరేబు కొండ, దేవుని స్వరం ఆ తర్వాత. అందుకని ఉపవాసం మీద ఉన్నవారు, రాత్రి డ్యూటీ చేసి వచ్చినవారు ఆ పూట నోటుపుస్తకం తెరవొద్దన్నారు. ముందు తినాలి, పడుకోవాలి. దిగులు రెండు వారాలకు మించి రోజూ ఉంటే, నిద్రా ఆకలీ పోతే అది విశ్వాసలోపం అనుకోకుండా డాక్టరుకు చూపించాలి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకూడదు, ఆ రోజే వెళ్లాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416కు ఏ వేళైనా ఫోను చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. మాత్రలు వేసుకుంటూ ప్రార్థించడం రెండు పడవల మీద కాళ్లు కాదని ఆయన నోట వినడం చాలామందికి పెద్ద ఊరట.

జిరాక్సులు తీయించిన తమ్ముళ్లకు, ఇళ్లు తెరిచి చాపలు పరిచిన అక్కలకు, చంటిపిల్లల్ని ఆడించిన పిల్లలకు వందనాలు. గీసిన నోటుపుస్తకాలు ఇంకా కొన్ని మిగిలాయి. గుడి వెనక గదిలో పాటల పుస్తకాల బీరువా కింది అరలో ఉన్నాయి. కావాల్సినవారు తీసుకోవచ్చు; లోపల రాసింది ఎవరికీ చూపించనక్కర్లేదు.