అప్పుకు ముందు రోజులు లెక్కపెట్టు

చిన్నీ,

నీ పిల్లల బట్టల వ్యాపారం గురించి నువ్వు పంపిన లెక్కల షీటు మొత్తం చదివాను. ఆర్డర్లు రెట్టింపయ్యాయని చూసి ఎంత సంతోషమేసిందో! కింద అకౌంటు బ్యాలెన్స్ చూశాక నీ టెన్షన్ ఎందుకో కూడా అర్థమైంది. "ఇంత అమ్ముతున్నా చేతిలో డబ్బు ఆడట్లేదేంటమ్మా?" అన్నావు. అప్పు ఎవరి దగ్గర తీసుకోవాలనీ అడిగావు. ఇన్నేళ్లు అకౌంట్స్‌లో పనిచేసినదాన్ని, ఇది ఫోన్లో చెబితే తేలే విషయం కాదని నాకు తెలుసు. అందుకే రాస్తున్నాను.

పిల్లల బట్టలు కుట్టించడానికి నువ్వు డబ్బు మొత్తం ముందే కట్టేస్తున్నావు. సరుకు చేతికొచ్చేసరికి 30 రోజులు. అది అమ్ముడుపోవడానికి 45. అమ్మాక, నువ్వు ఆన్‌లైన్లో అమ్మే సైటు వాళ్లు నీ అకౌంట్లో వేయడానికి ఇంకో 10. అంటే నువ్వు పెట్టిన ప్రతి పైసా తిరిగి రావడానికి 85 రోజులు పడుతోంది. సైజు సరిపోలేదని వెనక్కొచ్చేవి ఉండనే ఉన్నాయి. అమ్మకాలు రెట్టింపైతే ఆ 85 రోజులు ఇరుక్కుపోయే డబ్బూ రెట్టింపవుతుంది. లాభం వస్తున్నా చెయ్యి ఖాళీగా ఉంటున్నది ఇందుకే. పెరిగే వ్యాపారానికి ఇది మామూలే, భయపడకు.

అప్పు ఎవరి దగ్గర తీసుకోవాలన్నది తర్వాత చూద్దాం, ముందు ఈ 85ని తగ్గించు. కుట్టేవాళ్లతో సగం ఇప్పుడు, సగం సరుకు అందాక ఇస్తానని మాట్లాడు. ఇన్నాళ్లూ ఒక్క రోజు ఆలస్యం చేయకుండా కట్టావు, అడగడానికి మొహమాటపడకు. కదలని సైజులు మళ్లీ కుట్టించకు. ఇలా మిగిలే డబ్బుకు వడ్డీ లేదు, ఎవరి సంతకమూ అక్కర్లేదు. 2001లో మొదలైన మెయిల్‌చింప్ అనే ఈమెయిల్ మార్కెటింగ్ కంపెనీ బయటివాళ్ల పెట్టుబడి లేకుండానే పెరిగింది. 2021లో ఇంట్యూట్ అనే పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీ దాన్ని సుమారు 1,200 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. అయితే వాళ్లది సాఫ్ట్‌వేర్, స్టాక్ కొని పెట్టుకునే పని లేదు. నీకు ఉంది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు బయటి డబ్బు కావాల్సే వస్తుంది.

ఇక నువ్వు అడిగిన ఆ అడ్వాన్సు సంగతి, అదే, రాబోయే అమ్మకాల మీద ముందే ఇస్తామంటున్న డబ్బు. బటన్ నొక్కగానే 100 ఇస్తాం, రోజూ అమ్మకాల్లోంచి కొంత కోసుకుంటూ 112 రాబట్టుకుంటాం అంటున్నారు. నువ్వది 12 శాతం వడ్డీ అనుకున్నావు. కాదురా తల్లీ. నీ అమ్మకాలను బట్టి చూస్తే ఇది ఆరు నెలల్లో తీరిపోతుంది. మర్నాటి నుంచే కోత మొదలవుతుంది గనక ఆ 100 మొత్తం నీ చేతిలో ఉండేది మొదటి రోజే. సగటున నువ్వు వాడుకునేది 50. ఆరు నెలలు 50 వాడుకున్నందుకు 12 కడితే ఏడాదికి సుమారు 48 శాతం పడుతుంది. అమ్మకాలు బాగుండి ఇంకా త్వరగా తీరితే ఈ శాతం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ 12 తగ్గదు. సీజన్లో ఖాయంగా అమ్ముడుపోయే సరుకు మీద అంతకు మించి మిగులుతుందంటే ఆలోచించు. ప్రకటనలకీ, అద్దెకీ మాత్రం ఆ డబ్బు ముట్టుకోవద్దు.

నాకు నచ్చింది బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్, అంటే ఖాతాలో డబ్బు లేకపోయినా ఒక పరిమితి వరకు తీసుకోనిచ్చే అప్పు. ఎంత వాడుకుంటే అంతకే, ఎన్ని రోజులు వాడుకుంటే అన్ని రోజులకే వడ్డీ. స్టాక్ కొన్నప్పుడు తీస్తావు, అమ్మకాల డబ్బు రాగానే కట్టేస్తావు. నీ 85 రోజులకు అతికినట్టు సరిపోతుంది. ఖాతా స్టేట్‌మెంట్లు, పన్ను కాగితాలు అడుగుతారు, ఫీజులూ ఉంటాయి, కొంచెం తిప్పుతారు కూడా. అందుకే అవసరం లేనప్పుడే అప్లై చెయ్యి. ఖాతా ఖాళీగా ఉన్నప్పుడు వెళితే ఎవరూ ఇవ్వరు. మిషన్ కొనాలంటే మాత్రం ఏళ్ల మీద వాయిదాలుండే లోన్ తీసుకో. క్రెడిట్ కార్డు బిల్లు గడువులోగా పూర్తిగా కట్టగలిగితేనే వాడు.

మీ ఫ్రెండ్ సగం వాటాకు పెట్టుబడి పెడతానందని రాశావు. మంచి పిల్లే, నాకూ ఇష్టం. కానీ అప్పు తీరాక అప్పిచ్చినవాడు వెళ్లిపోతాడు, వాటా ఇస్తే అది ఎప్పటికీ వాళ్లదే. తను పని కూడా చేస్తానంటే, ఆ వాటా నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా దక్కేలా, మొదటి ఏడాది నిండకుండా మానేస్తే ఏమీ దక్కకుండా రాసుకోండి. చాలా కంపెనీల్లో ఇదే పద్ధతి. ఉద్యోగం వదలకుండా డబ్బు మాత్రమే పెడితే సగం చాలా ఎక్కువ.

ముందే ఆర్డర్లు తీసుకుని ఆ డబ్బుతో కుట్టిస్తానన్నావు, వస్తువు తయారుకాకముందే జనం దగ్గర డబ్బు సేకరించే కిక్‌స్టార్టర్ సైటులోలాగా. ఆలోచన బాగుంది, కొనేవాళ్లున్నారో లేదో ముందే తెలుస్తుంది. కానీ అదీ అప్పే, సరుకుగా తీర్చాల్సిన అప్పు. 2012లో ఆ సైటులో పెబుల్ అనే స్మార్ట్ వాచీ వాళ్లు లక్ష డాలర్లు అడిగితే కోటి డాలర్లు దాటి వచ్చాయి. సెప్టెంబరులో పంపుతామన్న వాచీలు 2013 జనవరికి గానీ బయల్దేరలేదు. నువ్వు పెట్టే తేదీలో ఒక నెల అదనంగా వేసుకో.

మా దగ్గర తీసుకోవడానికి మొహమాటపడుతున్నావని నాన్న బాధపడుతున్నారు. మేమిస్తాం, సంతోషంగా ఇస్తాం. చేబదులులాగా వద్దు, ఎంత, ఎప్పటికి, ఒకవేళ వ్యాపారం నడవకపోతే ఏంటి అన్నది కాగితం మీద రాసుకుందాం. పోయినా మాకు ఇబ్బంది లేనంతే ఇస్తాం, అంతకు మించి నువ్వడిగినా ఇవ్వను. రేపు అమ్మకాలు తగ్గితే నాకు ఫోన్ చేయడానికి నువ్వు జంకకూడదు, నాకు అదే కావాలి.

ఆ అడ్వాన్సు అగ్రిమెంటు సంతకం చేయకుండా నాకు పంపు. ముందే తీర్చేస్తే ఏమైనా తగ్గిస్తారా, వ్యాపారం దెబ్బతింటే నీ సొంత ఆస్తి మీదికి వస్తారా, ఈ రెండూ ఎక్కడున్నాయో వెతికి గీత గీసి పెట్టు. ఆదివారం ఇద్దరం కలిసి చదువుదాం.

ప్రేమతో,
అమ్మ