ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ సందర్శన: జమా ఖర్చుల వివరణ

సభ్యులందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లో ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ గ్రామంలో క్లర్జీ హౌస్ అనే పాత ఇంటిని చూసి వచ్చిన సందర్భంగా కమిటీకి అందిన డబ్బు, పెట్టిన ఖర్చు వివరాలివి.

జమ: తొమ్మిది కుటుంబాల చందా, ఒక్కో కుటుంబానికి 60 పౌండ్ల చొప్పున 540. ఇంటి మరమ్మతుల కోసం విడిగా ఇచ్చిన విరాళాలు 175. మొత్తం 715 పౌండ్లు.

ఖర్చు: రెండు మినీబస్సుల అద్దె, డీజిల్ 310. టికెట్లు 142. ఆ ఇంటి గురించి తెలుగు కరపత్రం అచ్చు 52. భోజనాలు ఎవరింటి నుంచి వారు తెచ్చుకున్నారు కాబట్టి ఆ పద్దు లేదు.

కరపత్రానికి అంత ఎందుకని కొందరు అడిగారు. అడగాల్సిన మాటే. ఇల్లు ఎలా కట్టారో తెలియకపోతే అది గడ్డి కప్పిన పాత ఇల్లుగానే కనిపిస్తుంది. 14వ శతాబ్దంలో ఓక్ కర్రతో చట్రం నిలిపి, మధ్య ఖాళీల్లో దడి అల్లి మట్టి మెత్తి కట్టిన ఇల్లది. నడిమి హాలుకు అటక లేదు, కప్పుదాకా ఖాళీయే. మొదట్లో పొగగొట్టమూ లేదు. హాలు మధ్య నేలమీద నిప్పు రాజేస్తే పొగ పైకెక్కి కప్పులోంచి పోయేది. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఈ తరహాను వీల్డెన్ ఇల్లు అంటారు. పక్క భాగాల మేడగదులు ముందుకు వస్తాయి, హాలు గోడ వెనక్కి ఉంటుంది, అన్నిటికీ కలిపి కప్పు ఒక్కటే. అందుకే హాలు ముందు చూరును వంపు తిరిగిన ఆనుడు కర్రలు మోస్తాయి. ఆ వడ్రంగం చూసి తీరవలసిందే! హాలు నేలను సుద్దతో దిమ్మిస కొట్టి, పులిసిన పాలతో గట్టిపరిచారు. పేడతో అలికిన నేలల మీద పెరిగిన మన పెద్దవాళ్లు అక్కణ్ణుంచి త్వరగా కదల్లేదు.

ఇక విరాళం. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ 1896లో ఈ ఇంటిని 10 పౌండ్లకే కొన్నది. ఆ సంస్థ కొన్న మొదటి కట్టడం ఇదే. మరమ్మతుకు మాత్రం ఆ ధరకు ఎన్నో రెట్లు కావలసి వచ్చింది, దానికోసం ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన ఆక్టేవియా హిల్ జనాన్ని చందాలు అడిగారు. ఇప్పుడు ఇంటికి చట్టరక్షణ ఉంది, ఇష్టమొచ్చినట్టు మార్చడం కుదరదు. అయితే గడ్డి నేయడానికి, సున్నం పనికి కూలి చట్టం ఇవ్వదు కదా. అందుకే చందాలో మిగిలిన 36 పౌండ్లను సభ్యుల అంగీకారంతో విరాళాలకు కలిపి, మొత్తం 211 పౌండ్లు ఆ ఇంటి నిర్వహణకే ఇచ్చాం.

నిల్వ ఏమీ లేదు. రసీదులన్నీ కోశాధికారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా అడిగి చూడవచ్చు. మిగిలిన కరపత్రాలు రాలేకపోయిన కుటుంబాలకు ఉచితంగా ఇస్తాం.

ఇట్లు,
కమిటీ