కొత్త కేబుల్‌కి కరెంటు ఇచ్చాకే పాతది కోయండి

గౌరవనీయులైన విద్యుత్ శాఖ మంత్రి గారికి నమస్కారం.

పట్టణాల్లో భూగర్భ కేబుళ్లు మార్చే పనులకు మీరు అనుమతి ఇచ్చే ముందు ఒక మాట చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను. నేను కేబుల్ పనుల్లోనే ఉన్నవాణ్ణి. మార్చక తప్పదన్నది నాకు తెలుసు. కాగితం ఇన్సులేషన్, సీసం తొడుగు ఉన్న పాత కేబుళ్లు కొన్ని 50 ఏళ్లు దాటినా లాక్కొస్తున్నాయి. వాటి తర్వాత వచ్చిన తొలితరం ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం ప్లాస్టిక్ ఇన్సులేషన్ ఉన్న) కేబుళ్లలో తేమ చేరి, ఇన్సులేషన్ లోపలే దెబ్బతింటోంది.

నా భయమల్లా మార్చే పద్ధతి గురించే. 11 కేవీ (11 వేల వోల్టుల) కేబుళ్లు చాలాచోట్ల రింగ్‌గా ఉంటాయి. ఒకవైపు ఆపినా రెండోవైపు నుంచి ఊరికి కరెంటు వస్తుంది. ఆ ధీమాతోనే పాత ముక్కను ముందు కోసేసి, అదే గుంతలో కొత్తది వేస్తామంటారు. ప్లాన్ చూస్తే ఎవరి ఇంట్లోనూ కరెంటు పోదు. కానీ మిగిలిన సగం కేబుల్ కూడా అంతే పాతది, దాని జాయింట్లూ (కేబుల్ ముక్కల్ని కలిపిన చోట్లు) అంతే పాతవి. ఊరి భారమంతా దాని మీదే పడి కరెంటు రెట్టింపైతే కేబుల్‌లో పుట్టే వేడి నాలుగు రెట్లవుతుంది. ఆ వేడికి ఒక్క జాయింట్ పేలినా దాని వెనక ఆదుకునేది ఏదీ ఉండదు.

న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ నగర నడిబొడ్డుకు ఒకప్పుడు నాలుగు 110 కేవీ కేబుళ్లే ప్రధాన ఆధారం. 1998 జనవరిలో ఒకటి, ఫిబ్రవరి 9న ఇంకొకటి పాడయ్యాయి. భారమంతా మిగిలిన రెండింటి మీద పడింది. ఫిబ్రవరి 19, 20 తేదీల్లో అవి కూడా పోయాయి. దాదాపు ఐదు వారాలు అవస్థపడి, చివరికి రైలు పట్టాల వెంట తాత్కాలికంగా ఓవర్‌హెడ్ లైన్ వేసుకున్నారు. అక్కడ జరుగుతున్నది మార్పిడి పని కాదు, నిజమే. అయినా మనం రింగ్ తెంచిన రోజు మన ఊరి పరిస్థితీ అదే.

అందుకే అడుగుతున్నాను. పాత కేబుల్ నడుస్తుండగానే, దానికి కాస్త ఎడంగా కొత్త గుంత తవ్వి కొత్త కేబుల్ వేయించండి. టెస్ట్ చేసి, ఫేజులు సరిచూసి, కరెంటు ఇచ్చాక లోడ్‌ను ఒక్కో ట్రాన్స్‌ఫార్మర్ చొప్పున దాని మీదికి మార్చాలి. ఆ కాసేపటికి జనరేటర్ బండి ఉంటే చాలు. రెండో గుంతకు చోటులేని ఇరుకు వీధుల్లో, గట్టి రక్షణతో నేల మీదే తాత్కాలిక కేబుల్ వేయవచ్చు. ఖర్చు పెరుగుతుంది, రోడ్లు ఎక్కువ తవ్వాలి. కాదనను. లోడ్ తక్కువుండే నెలల్లోనే చేస్తే కొంత టెన్షన్ తగ్గుతుంది.

జాయింట్ వేసేవాళ్ల గురించి కూడా ఆలోచించండి. గుంతలో కూర్చుని కేబుల్ పైపొర ఒలిచాక, లోపలి తెల్లటి ఇన్సులేషన్‌ను తుడవాలి. ఇన్సులేషన్ నుంచి, దాని మీద ఉండే కార్బన్ కలిసిన నల్లపొర వైపుకే తుడవాలి, గుడ్డను వెనక్కి తేకూడదు. తెస్తే కంటికి కనిపించని కార్బన్ పొడి తెల్లభాగానికి అంటుకుంటుంది. ఒక చెమట చుక్క పడినా అంతే. ఆ జాయింట్ ఆరోజు బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు పేలుతుంది. కాబట్టి రోజుకు ఇన్ని జాయింట్లని టార్గెట్ పెట్టనివ్వకండి. గుంత మీద టెంటు తప్పనిసరి చేయండి.

ఇంకొకటి, ప్రాణాలకు సంబంధించినది. ఒకే గుంతలో నాలుగైదు కేబుళ్లు ఒకేలా కనిపిస్తాయి. లైన్ క్లియర్ (కరెంటు ఆపామన్న అనుమతి) తీసుకున్నది ఒకదానికి, రంపం పెట్టేది ఇంకొకదానికి అయితే మనిషి దక్కడు. కోసే ముందు ఏది ఆపిన కేబులో పరికరంతో గుర్తించి, అందులో నిజంగా కరెంటు లేదని తేలేలా, మనిషి దూరంగా ఉండి దానికి మేకు దింపే యంత్రం ప్రతి బృందం దగ్గరా ఉండాలి.

ఇవన్నీ టెండర్ పత్రంలోనే షరతులుగా రాయించండి. ఏ రోజు ఏ ముక్క మారుతుంది, ఆ రోజు రెండోవైపు కేబుల్ మీద ఎంత లోడ్ పడుతుంది, అది పోతే కరెంటు ఎక్కడి నుంచి ఇస్తారు అన్నది ప్రతి ప్లాన్‌లో ఉండాలి. మీ సంతకానికి వచ్చిన ఫైల్‌లో ఆ పేజీ లేకపోతే దయచేసి వెనక్కి పంపండి.

ఇట్లు,
కేబుల్ పనుల్లో ఉన్న ఒక ఉద్యోగి