హోమ్ జిమ్ సెట్టు వాపసు తీసుకుని పూర్తి సొమ్ము చెల్లించడం గురించి

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

ఫిర్యాదుల అధికారి గారికి,

నమస్కారం. మీ యాప్‌లో తెలుగు ఉంది కాబట్టి తెలుగులోనే రాస్తున్నాను. గత నెల మీ దగ్గర 18,499 రూపాయలు పెట్టి హోమ్ జిమ్ సెట్టు కొన్నాను. బెంచి, రాడ్డుని ఆనించి పెట్టే స్క్వాట్ స్టాండు, ఒలింపిక్ రాడ్డు, దానికి ఎక్కించే 40 కిలోల ప్లేట్లు. ఇందులో ప్లేట్ల గురించి గొడవ పెట్టుకోను. పది కిలోలని అచ్చు వేసిన రెండు ప్లేట్లు బియ్యం కొట్టు కాటా మీద పెడితే వాటి మధ్యే అరకిలో తేడా వచ్చింది. పోనీలే అనుకున్నాను. మిగతావి పోనీలే అని వదిలేసేవి కావు.

ముందు సేఫ్టీ కడ్డీల సంగతి. జిమ్‌లో అయితే బెంచ్ ప్రెస్, అంటే బెంచి మీద పడుకుని రాడ్డు పైకెత్తే కసరత్తు, కొట్టేటప్పుడు తల దగ్గర ఒకరు నిలబడి రాడ్డు అందుకుంటారు. ఇంట్లో నేను ఒక్కడినే చేస్తాను, అందుకునే మనిషి ఉండడు. ఆఖరిసారి ఎత్తేటప్పుడు చేతులు ఆడకపోతే రాడ్డు నేరుగా ఛాతీ మీదకో మెడ మీదకో దిగుతుంది. అప్పుడు ఆపేవి స్టాండుకి రెండు పక్కలా ముందుకు ఉండే ఆ కడ్డీలే. మీ ప్రకటనలో ఉన్న ప్రతి ఫొటోలోనూ అవి ఉన్నాయి. అవి చూసే, ఇంతకంటే చవకగా దొరికే వేరే సెట్లు వద్దనుకున్నాను. పెట్టె విప్పితే కడ్డీలు లేవు సరే, స్టాండుకి వాటిని బిగించే రంధ్రాలు కూడా లేవు. ఫోన్ చేసి అడిగితే ‘ఫొటో అవగాహన కోసం మాత్రమే సార్’ అన్నారు. అవగాహన బాగానే కలిగింది. ‘మీరే చూసి సెలెక్ట్ చేసుకున్నారు కదా’ అని కూడా అన్నారు. అవునండీ, చూసే ఎంచుకున్నాను. నేను చూసినదే మీరు పంపలేదు.

ఇక బెంచి. ప్రకటనలో 300 కిలోలు మోస్తుందని పెద్ద అక్షరాల్లో ఉంది. పెట్టెలో వచ్చిన కాగితంలో చిన్న అక్షరాల్లో, మనిషి బరువు 100 కిలోలు, రాడ్డుతో కలిపి ఎత్తే బరువు 100 కిలోలు మించకూడదని ఉంది. కాగితం కూడా మీదే, ప్రకటన కూడా మీదే. ఏది నమ్మాలి? బెంచి మీద పడేది ఇనుము ఒక్కటే కాదు, పడుకున్న మనిషి కూడా. ఆ రెండూ విడివిడిగా చెప్పకుండా ఒకే పెద్ద అంకె వేస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది? పైపు 14 గేజి అన్నారు, అంటే మందం ఇంచుమించు 2 మిల్లీమీటర్లు ఉండాలి. బెంచి కాలికున్న ప్లాస్టిక్ మూత ఊడదీసి, మా వీధిలో గ్రిల్స్ చేసే వెల్డింగ్ షాపులో మందం కొలిచే వెర్నియర్ పెట్టి కొలిపించాను. 1.2 వచ్చింది. అది 18 గేజి. గేజి అంకె పెరిగితే పైపు పలచబడుతుందని అందరికీ తెలియదు, మీకు మాత్రం తెలిసే ఉంటుంది.

రాడ్డు మరీ అన్యాయం. ఒలింపిక్ రాడ్డంటే ప్లేట్లు ఎక్కించే చోట 50 మిల్లీమీటర్ల లావు ఉండాలి. మగవాళ్లదైతే 20 కిలోల బరువు, 2.2 మీటర్ల పొడవు. మీరు పంపింది ఆ చివర నుంచి ఈ చివరి దాకా 28 మిల్లీమీటర్ల మామూలు రాడ్డు, అదీ అయిదడుగులది, పైన ‘ఒలింపిక్’ అని స్టిక్కరు. బరంపురంలో మూసేసిన ఒక జిమ్ నుంచి కొన్న 50 మిల్లీమీటర్ల రంధ్రం ప్లేట్లు నా దగ్గర ఉన్నాయి. వాటికి సరిపోతుందనే ఈ సెట్టు తీసుకున్నాను. ఎక్కిస్తే ప్లేటు ఒక పక్కకి వాలిపోయి వేలాడింది. బిగిద్దామని మీరిచ్చిన స్ప్రింగు క్లిప్పు తోస్తే, దాని చుట్ట పోయి ప్లేటు రంధ్రంలోనే దూరింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మా పక్కనున్న శ్రీకాకుళం జిల్లాయే. ఒలింపిక్ రాడ్డు ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకి స్టిక్కరు అంటించి చెప్పక్కర్లేదు.

ఇవన్నీ చెప్పి వాపసు తీసుకోమంటే, మా పిన్ కోడుకి రిటర్న్ పికప్ లేదట, ఆంధ్రా అడ్రసు ఏదైనా ఉంటే ఇవ్వాలట. సరుకు తేవడానికి దొరికిన బండి తీసుకెళ్లడానికి దొరకలేదా? ఆంధ్రాలోని పాతపట్నం మాకు కూతవేటు దూరం. దాని పిన్ కోడు 532తో మొదలవుతుంది, అక్కడికి మీ మనిషి వస్తాడు. మాది 761, ఇక్కడికి రాడు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది. అందుకని ఇప్పుడు ఇంత ఇనుము ఆటోలో వేసుకుని సరిహద్దు దాటి చుట్టాలింటికి చేర్చాల్సింది నేనా?

వేరే సెట్టు పంపుతామంటే నాకు వద్దు. మీ ఖర్చుతో మా ఇంటి నుంచి సామాను తీసుకెళ్లి, నేను కట్టిన సొమ్ము మొత్తం అదే ఖాతాలో వెయ్యండి. ప్రకటన కూడా సరిచెయ్యండి. మనిషి బరువెంత, ఎత్తే బరువెంత, పైపు మందం ఎన్ని మిల్లీమీటర్లు, రాడ్డు చివర లావెంత, పెట్టెలో ఏమేం వస్తాయి, ఇవి రాయకుండా ఇలాంటి సామాను ఎవరూ సరిగ్గా ఎంచుకోలేరు.

ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వాపసు తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను ఉండే చోటే కేసు వేసుకోవచ్చు. ఈ పిన్ కోడుకి ఆ సౌకర్యం ఉంది.

బిల్లు, ప్రకటన స్క్రీన్‌షాట్లు, వెర్నియర్ కొలత ఫొటో, మీ కాగితం నకలు జత చేశాను. సామానంతా వచ్చిన పెట్టెల్లోనే సర్ది వరండాలో పెట్టాను. మీ మనిషి సాయంత్రం ఆరు దాటాక వస్తే ఇంట్లో ఉంటాను, ముందు ఒకసారి ఫోన్ చెయ్యమనండి. పెట్టెలు బరువు, ఇద్దరిని పంపండి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు