వార్షిక నివేదిక: రోడ్డుకు, ట్రాక్‌కు తగిన బ్రేక్ ప్యాడ్ల ఎంపికపై ఈ ఏడాది మన సంఘం చేసిన కృషి

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారాలు.

గత ఉగాది నుంచి ఈ ఉగాది వరకు పాలమూరు, నల్లగొండ ప్రాంతాల కార్ల యజమానులుగా మనం కలిసి చేసిన పనుల వివరాలను ఈ నివేదికలో మీ ముందుంచుతున్నాం. నిరుటి సర్వసభ్య సమావేశంలో ఎక్కువమంది అడిగింది ఒకటే. కారుతో వచ్చిన ప్యాడ్లు అరిగాక బయట మార్కెట్లో ఏవి కొని వేయించుకోవాలి, రోజూ హైవే మీద తిరిగే కారుకూ అప్పుడప్పుడు రేసు ట్రాక్‌కు వెళ్లే కారుకూ ఒకే రకం ప్యాడ్ సరిపోతుందా అని. అందువల్ల మిగతా కార్యక్రమాలను తగ్గించుకొని ఏడాదంతా ఈ విషయం మీదే పనిచేశాం. మేము చేరిన అభిప్రాయాన్ని ముందుగానే తెలియజేస్తున్నాం. ప్యాడ్‌ను ఎంచుకోవాల్సింది మీ కారు డిస్కు, అంటే ప్యాడ్లు నొక్కి పట్టే చక్రం వెనకాలి ఇనుప పళ్లెం, నిజంగా ఎంత వేడెక్కుతున్నదో తెలుసుకున్నాకే. ఆ వేడిని బట్టి చూస్తే మనలో అత్యధికులకు కావలసింది నాణ్యమైన రోడ్డు ప్యాడ్, తాజా బ్రేక్ ఆయిల్ మాత్రమే. తరచుగా ట్రాక్‌కు వెళ్లే కొద్దిమంది మాత్రం అందుకోసం వేరే జత పెట్టుకోవాలి.

వానాకాలానికి ముందు జడ్చర్లలో ఒక సభ్యుని షెడ్డులో బ్రేకుల తనిఖీ శిబిరం నిర్వహించాం. చక్రాలు విప్పి చూసినప్పుడు, ఏ బ్రాండు ప్యాడ్ మంచిదన్న చర్చకు ముందే సరిచేసుకోవాల్సిన లోపాలు చాలా బయటపడ్డాయి. ఒక హ్యాచ్‌బ్యాక్‌లో కుడి ముందు చక్రం లోపలి ప్యాడ్ ఇనుప పలక దాకా అరిగిపోయి డిస్కు మీద వేలికి తగిలేంత లోతైన గాళ్లు పడ్డాయి. అదే క్యాలిపర్‌లోని (ప్యాడ్లను డిస్కుకు నొక్కే బిగింపులోని) బయటి ప్యాడ్ మాత్రం సగానికి పైగా మిగిలే ఉంది. క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్నులో గ్రీజు ఎండి, తుప్పు పట్టి బిగుసుకుపోవడమే దీనికి కారణం. బయటి నుంచి తొంగిచూసే మెకానిక్‌కు ఆ బయటి ప్యాడే కనిపిస్తుంది కాబట్టి, అంతకుముందు సర్వీసులో ‘ప్యాడ్లు బాగానే ఉన్నాయి’ అని చెప్పి పంపించారట. ఇలాంటి బండికి ఎంత ఖరీదైన ప్యాడ్ వేసినా అదే గతి పడుతుంది. కాబట్టి ప్యాడ్లు మార్చే ప్రతిసారీ పిన్నులు తీసి శుభ్రం చేయించి, వేడికి తట్టుకునే సిలికాన్ గ్రీజు పెట్టించాలని, రబ్బరు బూట్లు చిరిగాయేమో చూడాలని సభ్యులను కోరుతున్నాం. ప్యాడ్ల పొడిని గాలి కొట్టి ఊదవద్దని కూడా షెడ్డువారికి చెప్పండి. పాత సరుకులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాని ధూళి ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమవుతుంది. తడిగుడ్డతో తుడిస్తే చాలు.

కార్తీక మాసంలో సభ్యులం కొందరం శ్రీశైలం వెళ్లిన ప్రయాణాన్ని కూడా ఈ అధ్యయనంలో భాగం చేశాం. మన్ననూరు దాటాక నల్లమల అడవిలో రోడ్డు తిన్నగానే సాగుతుంది గానీ, దోమలపెంట, ఈగలపెంట గడిచి ఆనకట్ట వైపు దిగే మలుపుల్లో బ్రేకులకు అసలు పరీక్ష మొదలవుతుంది. సుమారు 1,200 కిలోల బరువున్న కారు 100 మీటర్ల ఎత్తు నుంచి కిందికి దిగిందంటే, దానిని గంటకు 100 కిలోమీటర్ల వేగం నుంచి రెండున్నరసార్లు ఆపినంత శక్తి ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. రెండో గేరులోనో మూడో గేరులోనో దిగితే అందులో పెద్ద భాగాన్ని ఇంజన్ మోస్తుంది. న్యూట్రల్‌లో దిగితే మొత్తం డిస్కుల మీదే పడుతుంది. దిగువకు చేరిన కార్ల చక్రాల దగ్గర మాడు వాసన వస్తే చాలామంది ప్యాడ్ నాసిరకమని అనుకుంటారు. మా ప్రయాణంలో అదే కారును అదే దారిలో తక్కువ గేరులో దింపితే ఆ వాసనే రాలేదు. ఘాట్ రోడ్డు కోసమని రేసు ప్యాడ్ కొనాలనుకునే సభ్యులు ముందు గేరు వాడకం మార్చి చూడాలని మా విన్నపం.

ఈ సందర్భంలో రెండు రకాల వైఫల్యాలను విడివిడిగా గుర్తుపట్టడం ప్రతి సభ్యునికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే వాటి మందు వేరు వేరు. పెడల్ గట్టిగానే ఉండి, ఎంత బలంగా తొక్కినా బండి ఆగకపోతే ప్యాడ్ తన ఉష్ణ పరిమితిని దాటి పట్టు వదిలిందని అర్థం, దీనినే ఫేడ్ అంటారు. పెడల్ మెత్తబడి నేలదాకా దిగిపోతే మాత్రం బ్రేక్ ఆయిల్ మరిగి అందులో ఆవిరి బుడగలు పుట్టాయన్నమాట. బ్రేక్ ఆయిల్ గ్రేడులను డాట్ అంకెలతో సూచిస్తారు. కొత్త డాట్ 3 ఆయిల్ కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4కు ఈ పరిమితి 230, డాట్ 5.1కు 260. అయితే ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటూనే ఉంటుంది. తేమ చేరాక అవే ప్రమాణాలు వరుసగా 140, 155, 180 డిగ్రీలకు పడిపోతాయి. వానల్లో, చెరువు కట్టల పక్కన తిరిగి తిరిగి, ఆ తర్వాత మన పాలమూరు ఎండాకాలాన్ని కూడా చూసిన ఆయిల్‌తో ట్రాక్‌కు వెళ్లడం ప్రాణాపాయం. అందుకే రెండేళ్లకోసారి అందరూ, ట్రాక్‌కు వెళ్లేముందు ప్రతిసారీ వెళ్లేవారు ఆయిల్ మార్పించుకోవాలని శిబిరంలో అందరికీ చెప్పాం. డాట్ 5 అనేది సిలికాన్‌తో చేసిన వేరే రకం. పేరు దగ్గరగా ఉందని దానిని మిగతావాటితో కలపకూడదు.

ఇక ట్రాక్ విషయానికి వస్తే, శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టైలో 1990లో ప్రారంభమైన చెన్నై సర్క్యూట్‌కు మన సభ్యులు కొందరు వెళ్లి వచ్చారు. ఒక చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. వేగం గంటకు 100 నుంచి 140కి పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు రెట్టింపవుతుంది. పైగా అక్కడ ఒక మలుపుకూ మరో మలుపుకూ మధ్య డిస్కు చల్లారే వ్యవధి ఉండదు. నిజంగా వేడి ఎంతదాకా పోతుందో కొలవడానికి డిస్కు అంచు మీద ఉష్ణ సూచక పెయింట్లను మూడు గీతలుగా పూశారు. ఆకుపచ్చ గీత 430 డిగ్రీల దగ్గర, నారింజ గీత 560 దగ్గర, ఎరుపు గీత 610 దగ్గర రంగు మారుతుంది. కంపెనీ నుంచి వచ్చిన ప్యాడ్లతోనే నడిపిన చిన్న కారులో ఆకుపచ్చ గీత తెల్లబడింది, నారింజ అలాగే ఉంది. అంటే డిస్కు 430కి పైన, 560కి లోపల పనిచేసిందని స్పష్టమైంది. విప్పి చూస్తే ప్యాడ్ ముఖం అద్దంలా మెరుస్తూ, అంచులు బూడిద రంగుకు తిరిగి పెళుసుగా రాలుతున్నాయి. శ్రీశైలం దారిలో పూసిన అదే ఆకుపచ్చ గీత చెక్కుచెదరలేదు. ఒక డబ్బా పెయింట్‌తో తేలిన ఈ విషయం ఎన్ని ప్రకటనలు చదివినా తేలేది కాదని మా నమ్మకం.

ప్యాడ్ల రకాలను ఈ కొలతల వెలుగులోనే అర్థం చేసుకోవాలి. మన కార్లతో ఎక్కువగా వచ్చే ఆర్గానిక్ రకం చల్లగా ఉన్నప్పుడే బాగా పట్టుకుంటుంది, శబ్దం చేయదు, డిస్కును తినదు, కానీ ట్రాక్ వేడికి నిలవదు. సిరామిక్ అని అమ్మేవి ధూళి తక్కువ పోస్తాయి, ఊళ్లో తిరగడానికి హాయిగా ఉంటాయి. ఆ పేరు చూసి ట్రాక్‌కు కొనడం సరికాదు. ఇనుప రజను ఎక్కువగా ఉండే సెమీ మెటాలిక్ ప్యాడ్లు వేడిని బాగా తట్టుకుంటాయి, కొంత కీచుమంటాయి, డిస్కును త్వరగా అరగదీస్తాయి. అసలు రేసు ప్యాడ్ల సంగతి వేరు. అవి వేడెక్కితే గానీ సరిగ్గా పట్టుకోవు. తెల్లవారుజామున మహబూబ్‌నగర్ గల్లీలోంచి బయటికి వచ్చిన కారు ముందుకు బడిపిల్లవాడు అడ్డొస్తే ఆ ప్యాడ్ మీకు అక్కరకు రాదు. వీటి మధ్యన రోడ్డుకూ తేలికపాటి ట్రాక్ వాడకానికీ కలిపి చేసిన ఫెరోడో డీఎస్2500, ఈబీసీ యెల్లోస్టఫ్ వంటి రకాలు ఉన్నాయి. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాక్‌కు వెళ్లే చిన్న కారుకు ఇవి సరిపోవచ్చు. అంతకు మించి వెళ్లేవారు ట్రాక్ జతను డిక్కీలో తీసుకెళ్లి అక్కడే మార్చుకొని, తిరుగు ప్రయాణానికి ముందు రోడ్డు జతను మళ్లీ వేసుకోవడమే క్షేమమని కార్యవర్గం ఏకగ్రీవంగా భావించింది.

ప్యాడ్ అంచున ముద్రించే రెండు ఇంగ్లిషు అక్షరాల గురించి సభ్యులు పదేపదే అడిగారు. మొదటిది మామూలు వేడిలో ఘర్షణ గుణకాన్ని (పట్టు ఎంతో చెప్పే అంకెను), రెండోది హెచ్చు వేడిలో గుణకాన్ని తెలుపుతుంది. ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45 వరకు, ‘జీ’ అంటే 0.45 నుంచి 0.55 వరకు. రెండూ ఒకే అక్షరమైతే వేడికి పట్టు పెద్దగా మారలేదని గ్రహించవచ్చు. కానీ ఆ అక్షరాలిచ్చే ప్రయోగశాల పరీక్ష సుమారు 343 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. మన పెయింటు గీతలు చూపిన వేడి దానికి చాలా పైన ఉంది కాబట్టి, ట్రాక్ ప్యాడ్‌ను ఆ అక్షరాలతో ఎంచుకోలేం. దానికి తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రతల పట్టికే ఆధారం. రోడ్డు ప్యాడ్‌కైతే ఐరోపా వారి ఆర్90 ఆమోదం చూసుకోవడం మంచి పద్ధతి. కారుతో వచ్చిన ప్యాడ్ పట్టుతో పోలిస్తే దీని పట్టు 15 శాతానికి మించి తేడా ఉండకూడదని ఆ నిబంధన చెబుతుంది.

అందరికీ కలిపి ఒకే రకం ప్యాడ్లను టోకుగా కొంటే ధర తగ్గుతుందన్న ప్రతిపాదనపై సుదీర్ఘ చర్చ జరిగింది. ఆ ఆలోచన వెనుక ఉన్న మంచి ఉద్దేశాన్ని గౌరవిస్తూనే దానిని ఆమోదించలేదు. కోదాడ నుంచి నార్కట్‌పల్లి దాకా రోజూ హైవే మీద తిరిగే పెద్ద డీజిల్ బండికీ, వెనక డ్రమ్ములున్న చిన్న పెట్రోల్ కారుకూ ఒకే ప్యాడ్ అనడం న్యాయం కాదు. బిల్లు ఇవ్వని దుకాణంలో, పెట్టె మీద సీలు లేని సరుకును ఎంత చవకైనా కొనవద్దని మాత్రం తీర్మానించాం.

కొత్త ప్యాడ్లను డిస్కుకు అలవాటు చేసే పనిని చాలామంది వదిలేస్తున్నారు, కాబట్టి దీనిని వివరంగా రాస్తున్నాం. ఖాళీ రోడ్డు మీద, వెనక వాహనం లేదని చూసుకొని, గంటకు 60 కిలోమీటర్ల నుంచి 10 దాకా మధ్యస్థంగా తొక్కి వేగం తగ్గించాలి, పూర్తిగా ఆపకూడదు. ఇలా ఎనిమిది పదిసార్లు చేశాక బ్రేకు ముట్టకుండా కొన్ని కిలోమీటర్లు నడిపి చల్లారనివ్వాలి. ప్యాడ్ పదార్థం పలుచని పొరగా డిస్కు అంతటా సమంగా పరుచుకోవడానికే ఈ శ్రమంతా. మరిగే డిస్కుతో టోల్‌గేటు దగ్గర పెడల్ తొక్కి పట్టుకొని నిలబడితే ఆ పొర ఒకచోట మందంగా అంటుకుంటుంది. తర్వాత స్టీరింగ్ అదిరితే ‘డిస్కు వంకరపోయింది’ అంటారు గానీ, చాలాసార్లు అసలు కారణం ఆ మచ్చే. ప్యాడ్ రకం మార్చేటప్పుడు డిస్కును శుభ్రంగా రుద్దించి మొదటి నుంచి మళ్లీ అలవాటు చేయాలి.

రహదారిపై వేగ పోటీలను 1988 మోటారు వాహనాల చట్టంలోని 189వ సెక్షను నేరంగా పరిగణిస్తుంది. మన సభ్యులెవరూ ప్యాడ్ల పరీక్ష పేరుతో హైవే మీద అలాంటి పని చేయరాదని, చేసినట్టు తెలిస్తే సభ్యత్వం రద్దు చేయాలని కార్యవర్గం నిర్ణయించింది.

వచ్చే ఏడాదికి తేమ కొలిచే బ్రేక్ ఆయిల్ పరికరాన్ని సంఘం తరఫున కొని జడ్చర్ల షెడ్డులో ఉంచుతాం, సభ్యులెవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. తదుపరి తనిఖీ శిబిరాన్ని మృగశిర కార్తెకు ముందే నల్లగొండలో పెట్టాలని తీర్మానించాం. ట్రాక్‌కు వెళ్లదలచినవారు బయలుదేరే ముందు ప్యాడ్ మందం, ఆయిల్ మార్చిన తేదీ, పిన్నుల స్థితి రాసిన కాగితాన్ని కార్యదర్శికి అందజేయాలి. జమాఖర్చుల పట్టికను సర్వసభ్య సమావేశంలో పంచుతాం.